హలీమ్ బట్టీ పెట్టే ముందు: అసలు పోటీ పక్క వీధిలో లేదు

షబే బరాత్ దాటిందంటే హైదరాబాద్‌లో హోటళ్ల ముందు ఇటుకలు, మట్టి దిగుతాయి. హలీమ్ బట్టీలు లేస్తాయి. అవే రోజుల్లో చాలా ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "ఈసారి మనమూ ఒక బట్టీ పెడదాం భాయ్, నెల రోజుల పనేగా." దాచుకున్న సొమ్ము, కొంత చేబదులు, ఒక్కోసారి ఇంట్లో ఆడవాళ్ల బంగారం కూడా అందులోకి వెళ్తుంది. నెల తిరిగేసరికి కొందరికి పండగ ఖర్చులు పోను నాలుగు డబ్బులు మిగులుతాయి. కొందరికి పిల్లల పండగ బట్టలకూ అప్పే దిక్కు. చేతి రుచిలో తేడా అనుకుంటాం. చాలాసార్లు తేడా అక్కడ ఉండదు, బట్టీ పెట్టక ముందు మార్కెట్‌ను చూసిన తీరులో ఉంటుంది.

కొత్తగా దిగేవాళ్ల మొదటి లెక్క పక్క వీధి బట్టీ గురించే. వాళ్లు ప్లేటు 220కి ఇస్తే మనం 200కి ఇద్దాం. అంతే, పరిశీలన అయిపోయింది. కామర్స్ చదివినవాళ్లకు మైకేల్ పోర్టర్ పేరు గుర్తుండే ఉంటుంది. లాభాన్ని నొక్కేది ఎదుటి దుకాణం ఒక్కటే కాదు. సరుకు ఇచ్చేవాళ్లు, కొనేవాళ్లు, కొత్తగా దిగేవాళ్లు, బదులుగా దొరికే వస్తువులు కూడా నొక్కుతాయని ఆయన 1979లోనే రాశారు. హలీమ్ వ్యాపారానికి ఈ మాట అచ్చంగా అతుకుతుంది.

మటన్ సంగతే చూడండి. ఊరంతా ఒకే నెలలో మటన్, నెయ్యి, గోధుమల మీద పడుతుంది. పెద్ద హోటళ్లు ముందే మాట్లాడి పెట్టుకుంటాయి. చిన్న బట్టీవాళ్లు ఏ రోజు రేటుకు ఆ రోజు కొనాలి. చేయి తిరిగిన బావర్చీ కూడా సీజన్ మొత్తానికి ఒకే మాట చెప్తాడు, అడ్వాన్స్ ముందే అడుగుతాడు. ఆయన లేకపోతే బట్టీ వెలగదని ఆయనకు తెలుసు మరి. ఇక కొనేవాళ్లు ఈ రోజు ఇక్కడ, రేపు అక్కడ. ఎదురుగా బిర్యానీ ఉంది, మండీ ఉంది. పైగా డేగ్ ఉన్న ఎవరైనా రేపు మన పక్కనే టెంటు వేయొచ్చు, ఆపేవారు లేరు.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. ప్లేటు 200 రూపాయలు, సరుకు ఖర్చు 140. చేతికి వచ్చేది 60. అద్దె, బావర్చీ, పనివాళ్లు, కట్టెలు కలిపి నెలకు లక్షన్నర అనుకుంటే, అసలు తిరిగి రావడానికే 2,500 ప్లేట్లు అమ్మాలి. అంటే రోజుకు 84. పోటీ కోసం ధర 20 రూపాయలు తగ్గిస్తే మిగిలేది 40, అప్పుడు 3,750 ప్లేట్లు కావాలి. తగ్గించింది పదో వంతు, అదనంగా అమ్మాల్సింది సగం. డెలివరీ యాప్‌లో పెడితే, కమీషన్ 25 శాతం అనుకున్నా 50 రూపాయలు అక్కడే పోతాయి. మిగిలేది పది. ఆర్డర్లు మోగుతూనే ఉంటాయి, గల్లా మాత్రం నిండదు.

పిస్తా హౌస్, సర్వీ, షా గౌస్, షాదాబ్, కేఫ్ బహార్ లాంటి పేర్లతో చిన్న బట్టీకి పోటీయే లేదు. అక్కడికి జనం ఆ పేరు కోసమే వెళ్తారు. హైదరాబాద్ హలీమ్‌కు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. అందులో మాంసం, గోధుమల పాళ్లు, నెయ్యి నాణ్యత, రాగి పాత్ర, మట్టి బట్టీ మీద గంటల తరబడి వంట, అన్నీ రాసి ఉన్నాయి. టెంటు మీద ఆ పేరు పెద్దగా రాసుకునే ముందు, మన డేగ్‌లో ఉన్నది అదేనా అని చూసుకోవాలి. చికెన్ హలీమ్ అమ్మడంలో తప్పేమీ లేదు, ధర కూడా అందుబాటులో ఉంటుంది. కానీ బోర్డు మీద చికెన్ అనే రాయాలి. మటన్ డబ్బులు తీసుకుని కలిపి పెట్టినట్టు ఒక్కసారి పేరు పడితే ఆ సీజన్ అయిపోయినట్టే.

చాలామంది లెక్కలోకి తీసుకోని విషయం ఇంకొకటి ఉంది. హలీమ్ ఉడకడానికి పది పన్నెండు గంటలు పడుతుంది. సాయంత్రం గిరాకీ ఎలా ఉంటుందో తెలియక ముందే ఎంత వండాలో తేల్చుకోవాలి. తక్కువైతే అప్పటికప్పుడు వండలేం. మిగిలితే మర్నాడు అమ్మలేం. 84 ప్లేట్లు పోవాల్సిన చోట 20 మిగిలితే, ఆ రోజు నష్టం 4,000. వాన పడినా ఇదే కథ.

అందుకే చిన్న బట్టీకి నిలబడే చోటు ధరలో కాదు, ముందే తెలిసిన గిరాకీలో ఉంది. మస్జిద్‌లో ఇఫ్తార్ ఇచ్చేవాళ్లు, ఆఫీసుల ఇఫ్తార్ విందులు, గల్లీలో ఇంటికి అరకిలో, కిలో తీసుకెళ్లే కుటుంబాలు ఒక రోజు ముందే చెప్తారు. ప్లేటుకు పది రూపాయలు తగ్గించినా పర్వాలేదు, మిగిలిపోయే భయం ఉండదు. వంటలో సగం ఇలా ముందే అమ్ముడైతే మిగతా సగానికే అదృష్టాన్ని నమ్ముకోవాలి. ఇఫ్తార్‌కు ముందు రెండు గంటలు ఇంటికి కట్టించుకెళ్లేవాళ్లు, తరావీహ్ తర్వాత నిలబడి తినేవాళ్లు, ఇద్దరూ వేరు. ఇద్దరికీ ఒకే ఏర్పాటు చేస్తే ఇద్దరూ విసుక్కుంటారు. చివరి పది రోజులు ఈద్ షాపింగ్‌కు చార్మినార్ వైపు జనం కదులుతారు, కాలనీ బట్టీ ఆ రోజులకు వంట తగ్గించుకోవడమే మేలు.

కర్నూలు, గుంటూరు, విజయవాడల్లో లెక్క వేరు. "హైదరాబాద్ హలీమ్" బోర్డు చూసి ఒకసారి రుచి చూసేవాళ్లు దొరుకుతారు. ముస్లిమేతరులూ బాగానే వస్తారు. మొదటి వారం రద్దీ చూసి రెండో డేగ్ ఎక్కించేయకూడదు. రెండోసారి వచ్చినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టాలి.

క్యాలెండర్ కూడా మారుతోంది. 2016లో రంజాన్ జూన్ ఎండల్లో మొదలైంది. 2026లో ఫిబ్రవరికి వచ్చింది. ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ 2030లో ఒకే ఏడాదిలో రెండుసార్లు, జనవరి మొదట్లో, మళ్లీ డిసెంబర్ ఆఖర్లో మొదలవుతుంది. చలికాలం వేడివేడి హలీమ్‌కు గిరాకీ పెంచుతుంది. అది చూసి కొత్తగా దిగేవాళ్లనూ పెంచుతుంది. ఆ ఏడాది బావర్చీకి అడ్వాన్స్ కూడా రెండుసార్లు ఇవ్వాల్సి వస్తుంది.