రాజమహేంద్రవరం మరచిన దుర్గా సినీటోన్

రాజమహేంద్రవరమనగానే నన్నయభట్టు, వీరేశలింగం పంతులుగారు, పొరుగున ధవళేశ్వరం ఆనకట్ట: ఈ మూడింటినీ ఏ పాఠశాల బాలుడైనా తడుముకోకుండా అప్పగిస్తాడు. నాలుగవదిగా దుర్గా సినీటోన్ పేరు చెప్పగల బాలుడు తటస్థపడడం కష్టం. ఉపాధ్యాయులలో మాత్రం ఎందరు చెప్పగలరు?

1936లో నిడమర్తి సూరయ్యగారు ఈ పట్టణంలో నెలకొల్పిన దుర్గా సినీటోన్ ఆంధ్రదేశంలో మొట్టమొదటి సినిమా స్టూడియో. అంతకు పూర్వం తెలుగు టాకీకి పుట్టిల్లు పరాయి గడ్డే. 1932లో వెలువడిన ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలోనూ, 1934 నాటి ‘లవకుశ’ కలకత్తాలోనూ తయారైనవి. మాట మనది, పద్యం మనది, ‘ప్రహ్లాద’లో నటించిన సురభివారు మనవారు, కొలిమి మాత్రం ఇతరులది. అట్టి రోజులలో గోదావరీతీరాననే బొమ్మ తీయవచ్చునని తలపెట్టడం సామాన్యమైన సాహసం కాదు. ఆ సంవత్సరమే ‘సంపూర్ణ రామాయణం’ వెలువడింది. అందులో బాలసీతగా కనిపించిన పుష్పవల్లి తాడేపల్లిగూడెం చెంతనున్న పెంటపాడు పిల్ల. అప్పటికామెకు పదేండ్లు. తరువాత మద్రాసులో పేరుమోసిన కథానాయిక అయింది.

స్టూడియో ఎంతోకాలం నిలువలేదు. నటులూ, నిపుణులూ, పెట్టుబడీ మద్రాసు దారి పట్టిన కాలమది. ఆ దశాబ్దంలోనే విశాఖపట్టణంలో వెలసిన ఆంధ్రా సినీటోన్ కూడ నిలదొక్కుకోలేదు. కనుక దీనిని ఒక్క వ్యక్తి వైఫల్యంగా కొట్టివేయడం అన్యాయం.

2024 ఆగస్టులో కొవ్వూరు దాపున కుమారదేవంలో ‘సినిమా చెట్టు’ నేలకొరిగినప్పుడు పత్రికలు విచారించాయి. సబబే. కాని చెట్టుకు దక్కిన ఆ పాటి కన్నీరు స్టూడియోకు దక్కలేదు. ఈ తప్పులో పండితుల పాలు తక్కువేమీ కాదు. సినిమా అంటే ముక్కు విరవడం పాండిత్యానికి గుర్తని చాలకాలం భావించారు. పిఠాపురం ప్రాంతపు కృష్ణశాస్త్రిగారు 1951లో ‘మల్లీశ్వరి’కి పాటలు వ్రాసిన తరువాత కూడ ఆ ముక్కులు సరికాలేదు! ఫలితంగా శాసనాలకు ప్రతులు తీసుకున్నాము. నిప్పు సోకితే భగ్గుమనే నాటి నైట్రేటు రీళ్లను మాత్రం గాలికి వదిలాము. 1964లో ప్రభుత్వం పుణేలో ఫిల్మ్ ఆర్కైవు స్థాపించేనాటికి ఆ తరం చిత్రాలనేకం కాలగర్భంలో కలిసిపోయాయి.

డెల్టాలో టాకీసులకూ ఇప్పుడదే గతి. ఒకటి కల్యాణమండపమైంది, ఒకటి ధాన్యం గిడ్డంగి, మరొకటి పునాది కూడ మిగలని ఖాళీస్థలం. సాంఘికశాస్త్రం బోధించేవారు ఒక ఆదివారం పిల్లలచేత ఒక్కొక్క నోటుపుస్తకం పట్టించి, వారి ఊరి సినిమాహాలు చరిత్ర వ్రాయించవచ్చు. నేల టిక్కెట్టు వెల ఎంత, ఆడవారి గేటు ఎటు, చివరి ఆట ఏనాడు? చెప్పగలవారున్నారు. రీళ్లు నడిపిన ఆపరేటర్లూ, టిక్కెట్లు చింపిన గేటుకీపర్లూ ఇంకా పల్లెలలో అరుగులమీద కూర్చునే ఉన్నారు. వారిలో పెద్దవారికి ఎనభై దాటాయి.