సర్వేలు రెండు రకాలు

పోయిన ఆదివారం నేను ఒక స్పిన్నింగ్ మిల్లులో పనిచేశాను. ఒక్కణ్ణే పదిమందినై పనిచేశాను. మొదట ముప్ఫై నాలుగేళ్ల మగవాణ్ణి, పదకొండేళ్ల సర్వీసు. జీతం ఫర్వాలేదు, క్యాంటీన్ బ్రహ్మాండం. ఆ తర్వాత ఇరవై మూడేళ్ల ఆడపిల్లని. సూపర్‌వైజర్ ప్రవర్తన మీద నాకు ‘ఏ అభిప్రాయమూ లేదు’. కాఫీ చల్లారేలోపు మిగతా ఎనిమిది మందినీ అయిపోయాను.

మా కింది ఫ్లాటు అమ్మాయి ఎం.బి.ఏ. రెండో సంవత్సరం చదువుతోంది, హెచ్.ఆర్. స్పెషలైజేషన్. ప్రాజెక్టుకి వందమంది ఉద్యోగుల అభిప్రాయాలు కావాలట. “అంకుల్, మీరో పది, ఆంటీ ఓ పది, బామ్మగారు ఓ పది టిక్కులు పెట్టేయండి. అన్నీ ఒకేలా పెట్టకండేం, మా గైడ్ సార్ కనిపెట్టేస్తారు” అంటూ కాగితాల కట్ట టీపాయ్ మీద పెట్టింది.

తిట్టడానికి నోరు రాలేదు. ఆ పిల్ల నాలుగు కంపెనీల గేట్ల దగ్గర పడిగాపులు కాసింది. మూడుచోట్ల సెక్యూరిటీ వాడే వెనక్కి పంపాడు. నాలుగోచోట హెచ్.ఆర్. ఆఫీసరు దయగల మనిషి. “ప్రాజెక్టు చేసినట్టు సర్టిఫికెట్ ఇచ్చేస్తానమ్మా, లోపలికి మాత్రం రావద్దు” అన్నాడట. మనుషుల గురించి చదివే పిల్లకి మనుషులు తప్ప అన్నీ దొరికాయి.

నిజం చెప్పాలంటే ఇరుగుపొరుగుని బతిమాలి టిక్కులు పెట్టించుకునే ఈ పిల్ల నిజాయితీపరురాలి కిందే లెక్క. తోటివాళ్లు అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు కొనేసుకున్నారు. నిరుడు సిమెంటు కంపెనీలో తృప్తిగా ఉన్న అరవై రెండు శాతం మంది, పేరు మార్చగానే ఈ ఏడు మందుల కంపెనీలోనూ అంతే తృప్తిగా ఉంటారు. స్పైరల్ బైండింగా, గట్టి అట్టా అన్నదొక్కటే విద్యార్థి సొంతంగా తీసుకునే నిర్ణయం.

ఈ చదువు ఇలా మొదలవలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, అయిదువందలమంది పనిచేసే చోట వెల్ఫేర్ ఆఫీసరు ఉండి తీరాలంది. అలాంటివాళ్లని తయారుచేయడానికే ఒకప్పుడు ఎం.ఏ. ఐ.ఆర్.పి.ఎం. అనే చదువుండేది. అందులో ‘ఐ.ఆర్.’ అంటే పారిశ్రామిక సంబంధాలు, అంటే యూనియన్‌తో ఎదురుగా కూర్చుని మాట్లాడటం. 1974లో ఎల్ అండ్ టి వాళ్లు ఉద్యోగుల పనితీరు మదింపు ఎలా ఉందో చూసి చెప్పమని అహ్మదాబాద్ ఐ.ఐ.ఎం. నుంచి ఉదయ్ పారీక్‌నీ, టి.వి.రావునీ పిలిచారు. వాళ్లు టిక్కులతో సరిపెట్టలేదు. మేనేజర్లతో కూర్చుని మాట్లాడారు. మార్కులేసి వదిలేస్తే చాలదు, మనిషి ఎదుగుదలకి ప్రత్యేకంగా ఒక ఏర్పాటు ఉండాలని చెప్పారు. 1975లో అక్కడ పుట్టిన శాఖే మన దేశంలో హెచ్.ఆర్.డి.కి నాంది.

ఇప్పుడో? మనిషి అవసరాల మెట్లు చూపే మాస్లో త్రిభుజం గీస్తే మార్కులు. పాపం మాస్లో 1943లో రాసిన వ్యాసంలో త్రిభుజమే లేదు, తర్వాతివాళ్లు తగిలించారు. 2025 నవంబరు 21న 29 కార్మిక చట్టాలు పోయి నాలుగు కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కదా, ఎంతమంది ఉన్న ఫ్యాక్టరీలో సర్కారు అనుమతి లేకుండా మనుషుల్ని తీసేయకూడదో తెలుసా అని ఈ పిల్లని అడిగాను. కేంద్ర చట్టంలో నిన్నమొన్నటిదాకా వంద, ఇప్పుడు మూడువందలు. “అవన్నీ లీగల్ వాళ్లు చూసుకుంటారంకుల్” అంది. ఆ రెండొందల తేడాలో ఎన్ని వంటిళ్లు ఉన్నాయో చెప్పని చదువు పీజీ ఎలా అయిందో నాకర్థం కాదు.

అన్నిటికీ మూలం హెచ్.ఆర్., అంటే ‘మానవ వనరులు’ అనే ఆ పేరులోనే ఉంది. నా పాత గోలే, ఈ శీర్షిక చదివేవాళ్లకి అలవాటే. ఇసుక ఒక వనరు, బొగ్గు ఒక వనరు. వనరు అన్నాక తవ్వుతారు, లారీలకెత్తుతారు, అయిపోయాక గొయ్యి వదిలి పోతారు. మనిషిని ఆ వరసలో నిలబెట్టడానికి మనకేం మాటల కరువా? పనిమంతుడు అన్నాం. చేయి తిరిగినవాడు అన్నాం. వంటలో చేయి తిరగడం, మగ్గం మీద చేయి తిరగడం! ‘ట్రైనింగ్ అండ్ డెవలప్‌మెంట్’ పేపరు మొత్తం ఆ రెండు మాటల్లో ఉంది. లేబర్ ఆఫీసరు పోయి పర్సనెల్ మేనేజర్ వచ్చాడు, ఆయన పోయి హెచ్.ఆర్. వచ్చాడు, ఇప్పుడు ‘పీపుల్ అండ్ కల్చర్’ట. పేరు మారినప్పుడల్లా ఆయన గది మిషన్ల చప్పుడుకి ఇంకో అంతస్తు దూరం జరిగింది.

ఈ వనరు పిచ్చి ప్రభుత్వాలకీ పట్టింది. 1985లో రాజీవ్ గాంధీ కేంద్ర విద్యాశాఖని మానవ వనరుల అభివృద్ధి శాఖగా మార్చారు. దానికి తొలి మంత్రి మన పి.వి. నరసింహారావు. 2020లో కేంద్రానికి జ్ఞానోదయమై మళ్లీ విద్యాశాఖ అనుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం మానవ వనరులు ఇంకా వనరులే.

పేరుతో నాకు పేచీ ఉన్నా పి.వి.తో లేదు. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల పెట్టించారు. పల్లెటూరి పిల్లలు, అక్కడే తిండి, అక్కడే పడక, అక్కడే చదువు. వాళ్లలోంచి పెద్ద పెద్ద అధికారులు వచ్చారు. తర్వాత కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఆయన తెచ్చిన నవోదయ విద్యాలయాలకి తొలి అడుగు ఆ ఊళ్లోనే పడింది. కాబట్టి సర్వేలు రెండు రకాలు. ఒకటి మనుషుల్ని తయారుచేసింది. రెండోది మా టీపాయ్ మీద ఉంది, లేని మనుషుల్ని తయారుచేస్తోంది.

ఇంతకీ, కనిపెట్టేస్తారని ఆ పిల్ల భయపడిన గైడ్ సార్ సంగతి వినండి. అసలు కోపం నాకు అక్కడొచ్చింది. ఆయన క్లాసులో చెప్పేది ‘కాంపెన్సేషన్ మేనేజ్‌మెంట్’, అంటే జీతాల శాస్త్రం. ఆయనకి మూడు నెలలుగా జీతం లేదు. అడిగితే ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిలు రాలేదంటారట. ఉద్యోగులు ఎందుకు మానేస్తారో కారణాలు పదీ బోర్డు మీద రాయిస్తాడు. తాను మానలేడు. చేరిన రోజున తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో ఉన్నాయి. ఈ ఒక్క కాలేజీయే అయితే నేను కాలమ్ ఖర్చు పెట్టేవాణ్ణి కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు కాలేజీల్లో పాఠాలు చెప్పే ఎవరినైనా అడగండి, ముందు చుట్టూ చూసి తర్వాత చెబుతారు.

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే పెద్దలు లైబ్రరీ పుస్తకాలు లెక్కపెడతారు, ల్యాబులో కంప్యూటర్లు లెక్కపెడతారు. ఒక్కసారి మాస్టార్ల బ్యాంకు పాసుబుక్కులు తిప్పిచూస్తే ఏం పోయింది? ఆ బీరువా తాళం తీయించండి. హెచ్.ఆర్. పాఠం చెప్పే మనిషికే హెచ్.ఆర్. లేని చోట పిల్లలు నేర్చుకునేది సిలబస్‌లో ఉండదు. నోరు మూసుకుని టిక్కు పెట్టడం నేర్చుకుంటారు. రేపు ఉద్యోగాల్లో చేరి మనచేత అదే పెట్టిస్తారు.

ఆదివారం సంగతి ఒకటి మిగిలింది. మా అత్తగారికి డెబ్బై ఆరేళ్లు. పెళ్లికి ముందు చీరాలలో పొగాకు గ్రేడింగ్‌కి వెళ్లేవారు. పది కాగితాలు నింపమంటే ఆవిడ ఒక్కదానితోనే గంటసేపు కూర్చున్నారు. ప్రశ్నలు చదివి వినిపించమన్నారు. టిక్కులు వద్దన్నారు. చివర ‘ఇతర సూచనలు’ అని రెండు గీతల ఖాళీ ఉంటే, అక్కడ రాయమని చెప్పారు: “దొడ్డికి వెళ్లడానికి మేస్త్రీని అడగక్కర్లేకుండా చూడండి.”

ఆ పిల్ల రాసుకుంది. బుధవారం మెట్ల దగ్గర కలిస్తే ఏమైందని అడిగాను. అది ఏ పట్టికలోనూ ఇమడదని గైడ్ సార్ కొట్టేయమన్నారట. నేను పెట్టిన పది కాగితాలూ వెనక్కిచ్చేయమన్నాను. అప్పటికే అవి పై చార్ట్‌లో కలిసిపోయాయంది. క్యాంటీన్ బ్రహ్మాండం అన్నవాళ్ల ముక్కలో ఉన్నానట.

– అరుగు మనిషి