పసిబిడ్డకు మెదడు జ్వరం: మందు మొదలుపెట్టడంలో ఆలస్యం వద్దు, ఆపడంలో తొందర వద్దు



కళ్యాణమండపం గురించి, వధూవరుల పరిచయ సభ గురించి మనం గంటలు గంటలు మాట్లాడుకుంటాం. నెలల బిడ్డలకు వచ్చే మెనింజైటిస్ గురించి మాత్రం మాట్లాడుకోము. మన ఊళ్ళలో తమిళంలో మూళై కాయ్చల్ అంటారే, ఆ జాతిదే. మెదడునూ వెన్నుపామునూ కప్పి ఉండే పొరలకు క్రిములు పట్టి అవి వాచిపోతాయి. బాక్టీరియా వల్ల వచ్చిందైతే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అన్ని వయసులవాళ్ళనూ కలిపి చూస్తే ఆరుగురిలో ఒకరు చనిపోతారని, అయిదుగురిలో ఒకరికి పెద్ద లోపమేదో మిగిలిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మనలో ఒక విచిత్రం ఉంది. మామూలు జలుబుకు మందుల అంగడికి పోయి ఆంటీబయాటిక్ మనమే అడిగి కొంటాం. డాక్టరు మెదడు జ్వరమని చెప్పి అదే ఆంటీబయాటిక్ రెండు వారాలు నరానికి ఎక్కించాలంటే మాత్రం, "ఇన్ని సూదులా, పసిగుడ్డు తట్టుకుంటుందా" అంటాం. అక్కరలేని చోట ధారాళం, కావలసిన చోట పిసినారితనం. ఈ రెండూ మారాలి.

పెద్దవాళ్ళకు మెడ బిగుసుకుంటుంది, తలనొప్పి అని నోటితో చెబుతారు. నెలల బిడ్డకు మెడ బిగుసుకోకపోవచ్చు, చెప్పడానికి నోరు లేదు. పాలు తాగదు. లేపినా లేవక మగతగా ఉంటుంది, లేదా ఎత్తుకున్నా ఊరుకోక కీచుగా ఏడుస్తుంది. వాంతులు, ఫిట్స్ రావచ్చు. మాడు ఉబ్బి కనిపించవచ్చు. జ్వరం ఉండవచ్చు, మరీ చిన్న బిడ్డకైతే ఒళ్ళు చల్లబడవచ్చు కూడా. ఇవి చూసి దోషమని, దిష్టి అని తాయెత్తుకు పోతే ఆ పూట పోయినట్టే. దిష్టి ఇంటికి వచ్చాక తీసుకోవచ్చు. ముందు 108కి ఫోన్ చేయండి.

రైల్వేలో పనిచేసిన మాకు ఒళ్ళో ఇంకిపోయిన పాఠం ఒకటుంది. ప్రమాదం సూచన కనబడితే ముందు బండి ఆపాలి, విచారణ తరువాత. డాక్టర్లు చేసేదీ అదే. ఏ క్రిమి అని తేలడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందాకా ఆగరు. రక్తం, వెన్ను నీరు పరీక్షకు తీసుకుని, ఎక్కువ రకాల క్రిములను చంపే మందు వెంటనే మొదలుపెడతారు. వెన్ను నీరు తీయడం ఆలస్యమయ్యేలా ఉంటే మందునే ముందు వేస్తారు. నెలలోపు బిడ్డకు సాధారణంగా ఆంపిసిలిన్‌తో జెంటామైసిన్ గానీ సెఫోటాక్సిమ్ గానీ ఇస్తారు. పెద్ద నెలల బిడ్డకు సెఫోటాక్సిమ్ లేదా సెఫ్ట్రియాక్సోన్, అవసరమైతే దానితో వాంకోమైసిన్. క్రిమి తేలాక దానికి తగిన మందుకు మారుస్తారు. వైరస్ అని తేలితే ఆంటీబయాటిక్ ఆపేస్తారు.

నడుము దగ్గర సూది వేస్తే కాళ్ళు పడిపోతాయని మనవాళ్ళకు భయం. ఆ సూది వెన్నుపాము ముగిసిన చోటుకు కింద వేస్తారు. ఆ నీరు చూడకుండా ఏ క్రిమి, ఎన్ని రోజులు అన్నది చెప్పడం కష్టం. అంగడిలో కొన్న సిరప్ ముందే పోసి ఉంటే ఆ పరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు. ఆ సిరప్ మెదడు పొరల దాకా చాలినంత చేరదు కూడా. అందుకే నరానికి ఎక్కించడం.

రోజుల లెక్క క్రిమిని బట్టి ఉంటుంది. కొన్నిటికి 7 రోజులు, న్యూమోకాకస్‌కు 10 నుంచి 14, నెలలోపు బిడ్డల్లో కనిపించే కొన్ని క్రిములకు 21 రోజులు, ఇంకా పైన కూడా. మనవాళ్ళ ఇంట్లో ఒక బిడ్డకు అయిదో రోజుకే జ్వరం దిగింది. తొట్టిల వేడుకకు పిలుపులు అయిపోయాయి, ఇంటికి తీసుకుపోదామని పెద్దలు పట్టుబట్టారు. ఆ తల్లి ఒక్కతే కదలనంది. పద్నాలుగు రోజులూ ఉంది. మనం మెచ్చుకోవలసింది ఆ మొండితనాన్ని. జ్వరం దిగితే క్రిమి చచ్చినట్టు కాదు.

ఆసుపత్రులు డబ్బు కోసం సూదులు పొడుస్తాయి అనే సభ్యులూ ఉన్నారు. ఆ అనుమానం ఊరికే రాలేదు. దానికి మందు పారిపోవడం కాదు, అడగడం. ఏ క్రిమి? ఏ మందు? ఎన్ని రోజులు? ఈ మూడూ అడిగే హక్కు మనకుంది. బిడ్డ ఇంటికి వచ్చాక చెవి పరీక్ష ఎప్పుడు అని నాలుగోది కూడా అడగండి. వినికిడి పోయినా నెలల బిడ్డలో మనకు తెలియదు, తెలిసేసరికి మాటలు వచ్చే వయసు దాటిపోతుంది.

జబ్బు రాకముందే ఆపే దారి కూడా ఉంది. హిబ్ క్రిమిని ఆపే అయిదు మందుల టీకా తమిళనాడులో 2011 డిసెంబరు నుంచి, న్యూమోకాకస్ టీకా 2021 నుంచి ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. 6, 10, 14 వారాల తేదీలు తప్పకండి.

సంఘానికి మా విన్నపం ఒక్కటే. ఏటా మనం అచ్చువేసే క్యాలెండరులో ఒక పేజీ ఈ గుర్తులకూ టీకా తేదీలకూ ఇవ్వండి, తెలుగులోనూ తమిళంలోనూ. ఆసుపత్రిలో పద్నాలుగు రోజులు ఉండవలసిన తల్లికి భోజనం, తోడు మనం వంతులవారీగా చూసుకుందాం. కూలిపోతుందని తండ్రి, వంట ఆగిందని అత్త తొందరపెట్టడం వల్లనే సగం వైద్యంలో బిడ్డ ఇంటికి వస్తుంది. ఆ తొందర లేకుండా చేయగలిగితే సంఘం అన్న పేరుకు అర్థం ఉంటుంది.

మీ ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఇది ఆ తల్లికి చదివి వినిపించండి.