సూరత్ నుంచి సిరిసిల్లకు కాల్: యాప్ ఏదైనా తాళం సిమ్ దగ్గరే

ఏ యాప్‌లో మాట స్పష్టంగా వినిపిస్తుంది? ఏది తక్కువ డేటా తింటుంది? ఏది సురక్షితం? ఇంటర్నెట్ కాలింగ్ సర్వీసుల మీద వచ్చే పోలికలన్నీ ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి. సూరత్‌లో ఉంటూ తెలంగాణలోని సొంతూరితో రోజూ మాట్లాడే తెలుగు కుటుంబాలకు మాత్రం వీటికంటే ముందు మరో ప్రశ్న ఉంది. ఈ యాప్ ఏ నంబర్ మీద నడుస్తోంది, ఆ నంబర్ సిమ్ ఇప్పుడు ఎక్కడుంది?

కేంద్ర టెలికాం శాఖ 2025 నవంబర్ 28న ఇచ్చిన ఆదేశంతో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం పెరిగింది. వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్, అరట్టై, స్నాప్‌చాట్, షేర్‌చాట్, జియోచాట్, జోష్ యాప్‌లు ఇకపై రిజిస్టర్ చేసుకున్న సిమ్ ఆ ఫోన్‌లోనే యాక్టివ్‌గా ఉంటేనే పనిచేయాలని ఆ ఆదేశం చెబుతోంది. అమలుకు 90 రోజులు, నివేదిక ఇవ్వడానికి 120 రోజులు గడువు పెట్టింది. దీన్నే సిమ్ బైండింగ్ అంటున్నారు.

సాంచాల వెంట వెళ్లిన ఊళ్లు

వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలీలు తరతరాలుగా సూరత్‌కు వలస వెళ్తున్నారు. లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాల్లో తెలుగు మాట వినిపించని వీధి అరుదు. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ పాఠశాలల్లో తెలుగు మీడియం కూడా ఉండటం ఆ వలస ఎంత పాతదో చెబుతుంది. వరంగల్‌లో 1930ల్లో మొదలైన ఆజంజాహి మిల్లు మూతపడింది. సూరత్, భివండీ, షోలాపూర్‌లకు పోయిన నేతన్నలను వెనక్కి తెస్తామంటూ 2017 అక్టోబర్‌లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేశారు. అయినా సూరత్ మీదుగా వరంగల్ వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో నేతన్నల రాకపోకలు ఆగలేదు.

మరమగ్గాల షెడ్డులో సాధారణంగా 12 గంటల షిఫ్టు. సాంచాలు నడుస్తుంటే పక్కనున్న మనిషి మాటే వినపడదు, ఇక ఫోన్ ఎలా వినపడుతుంది? కాబట్టి ఇంటికి కాల్ చేసేది షిఫ్టు దిగాకే. రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు ఒకే బస్తీలో వేలమంది ఒకేసారి నెట్ మీద పడతారు. యాప్‌ల మధ్య అసలు తేడా బయటపడేది అప్పుడే.

పోలికలో కనిపించే తేడాలు

ముందుగా మాట స్పష్టత. మామూలు 4జీ కాల్‌ను కంపెనీ తన నెట్‌వర్క్‌లో ప్రత్యేక ప్రాధాన్యంతో పంపుతుంది. వాట్సాప్ కాల్‌కు ఆ ప్రాధాన్యం ఉండదు. పక్కింటివాళ్లు చూస్తున్న సినిమా, రీల్స్ వెళ్లే దారిలోనే అదీ వెళ్తుంది. టవర్ కిక్కిరిసిన వేళ యాప్‌లో మాట తెగిపోతున్నా అదే ఫోన్ నుంచి మామూలు కాల్ చక్కగా వెళ్లడానికి కారణం ఇదే. వైఫై ఉన్నచోట వైఫై కాలింగ్ మరో దారి. ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్‌లో, జియో 2020 జనవరిలో దీన్ని తెచ్చాయి. ఇందులో అవతలివాళ్లకు యాప్ అక్కర్లేదు, మామూలు నంబర్‌కే కాల్ వెళ్తుంది.

తర్వాత డేటా. వాయిస్ కాల్ సెకనుకు 32 కిలోబిట్ల దగ్గర నడుస్తోందనుకుంటే నిమిషానికి పోనూ రానూ కలిపి సుమారు అర ఎంబీ ఖర్చవుతుంది. అరగంటకు 15 ఎంబీ. వీడియో ఒక్కో వైపు 500 కిలోబిట్లతో వెళ్తే నిమిషానికి ఏడున్నర ఎంబీ, అరగంటకు 225 ఎంబీ. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌లో ఇది దాదాపు ఏడో వంతు. వాట్సాప్, సిగ్నల్ రెండింటి సెట్టింగ్స్‌లోనూ కాల్స్‌కు తక్కువ డేటా వాడే ఏర్పాటు ఉంది. నెట్ బలహీనంగా ఉండే ఊళ్లో రెండు వైపులా దాన్ని ఆన్ చేసుకుంటే ప్రయోజనం ఉంటుంది.

భద్రత విషయంలో వాట్సాప్, సిగ్నల్ కాల్స్‌కు, టెలిగ్రామ్‌లో ఇద్దరి మధ్య జరిగే కాల్స్‌కు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. అంటే మాట్లాడుకునే ఇద్దరికి తప్ప మధ్యలో కంపెనీకి కూడా మాట వినపడదు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు చేశారన్న వివరాల్లో మాత్రం తేడాలున్నాయి. సిగ్నల్ అతి తక్కువ సమాచారం దాచుకుంటుంది.

ఇంత పోల్చినా చివరికి గెలిచేది వాట్సాపే. ఊళ్లో అమ్మ ఫోన్‌లో ఉన్నది అదే కాబట్టి. మిగతా యాప్‌లు ఎంత బాగున్నా అవతల ఎత్తేవాళ్లు ఉండాలి కదా. ఇంటర్నెట్ కాలింగ్‌కు ఒకప్పుడు పర్యాయపదంగా ఉన్న స్కైప్ 2025 మే 5న మూతపడింది.

నెట్ ఆపేస్తే?

దేశంలో ఎక్కడికైనా మామూలు కాల్స్ ప్యాక్‌లోనే ఉచితంగా వస్తున్నప్పుడు సూరత్ నుంచి సిరిసిల్లకు యాప్ ఎందుకు? ముఖం చూడటానికి, నలుగురు ఒకేసారి కలవడానికి. రింగ్ రోడ్ బట్టల మార్కెట్ వ్యాపారులకైతే చీర అంచు, రంగు వీడియోలో చూపించి ఆర్డర్ తీసుకోవడానికి. ఈ పనులన్నీ నెట్ ఉంటేనే సాగుతాయి.

ఆ నెట్ ఆగిన అనుభవం సూరత్‌కు ఉంది. 2015 ఆగస్టు చివర్లో పాటీదార్ ఆందోళన హింసాత్మకంగా మారినప్పుడు గుజరాత్‌లో మొబైల్ ఇంటర్నెట్‌ను ఆపేశారు. సెప్టెంబర్ 19న హార్దిక్ పటేల్‌ను సూరత్‌లో అదుపులోకి తీసుకున్నాక మళ్లీ ఆపేశారు. ఆగస్టు నిలిపివేతను సవాలు చేసిన పిటిషన్‌ను గుజరాత్ హైకోర్టు సెప్టెంబర్‌లో కొట్టేసింది. ఆపింది మొబైల్ నెట్ మాత్రమేనని, బ్రాడ్‌బ్యాండ్, వైఫై నడుస్తూనే ఉన్నాయన్న విషయాన్నీ పరిగణనలోకి తీసుకుంది. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు.

చట్టం దృష్టిలో ఆ తేడా సరైనదే కావచ్చు. గదికి ఆరుగురు ఉండే వలస కార్మికుడికి మాత్రం బ్రాడ్‌బ్యాండ్ ఎక్కడిది? అతనికి ఇంటర్నెట్ అంటే చేతిలోని ఫోనే. నెట్ షట్‌డౌన్ ఉత్తర్వులను బహిరంగంగా ప్రకటించాలని, అవి అవసరానికి మించకూడదని 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఉత్తర్వు ప్రకటించినంత మాత్రాన కాల్ కలవదు.

ఒక కొడుకు సూరత్‌లో, ఒక కొడుకు దుబాయ్‌లో

సూరత్‌కు మనుషులను పంపిన జిల్లాలే గల్ఫ్‌కూ పంపాయి. సిరిసిల్ల, జగిత్యాల, కరీంనగర్ కుటుంబాల్లో అన్న మరమగ్గాల దగ్గర, తమ్ముడు దుబాయ్ సైట్‌లో ఉండటం మామూలే. ఇద్దరూ వాడేది ఒకే వాట్సాప్. కానీ సూరత్ నుంచి కలిసే కాల్ దుబాయ్ నుంచి కలవదు.

యూఏఈలో ఇంటర్నెట్ కాలింగ్‌కు టెలికాం నియంత్రణ సంస్థ అనుమతి కావాలి. వాట్సాప్‌లో మెసేజ్ వెళ్తుంది, కాల్ వెళ్లదు. 2018 ఆరంభంలో అక్కడ బోటిమ్ వంటి అనుమతి ఉన్న యాప్‌ల కోసం నెలకు 50 దిర్హామ్‌ల ప్యాక్‌లు వచ్చాయి. దాంతో ఊళ్లో ముసలి తల్లిదండ్రుల ఫోన్లలోకీ బోటిమ్ వచ్చి చేరింది. ఆ యాప్ బాగుందని ఎవరూ దాన్ని ఎంచుకోలేదు. ఉచితమైన దాన్ని అక్కడ ఆపారు కాబట్టి వేసుకున్నారు. సౌదీ అరేబియా 2017 సెప్టెంబర్‌లో ఇలాంటి నిషేధాన్ని సడలించింది.

భారత్‌లోనూ ఆ ప్రయత్నం జరిగింది. 2014 డిసెంబర్‌లో ఇంటర్నెట్ కాల్స్‌కు విడిగా డేటా ఛార్జీ వేస్తామని ఎయిర్‌టెల్ ప్రకటించి, నిరసనలు రావడంతో కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఆ తర్వాత నెట్ న్యూట్రాలిటీ మీద ట్రాయ్‌కు లక్షల ఈమెయిల్స్ వెళ్లాయి. వాడే యాప్‌ను బట్టి డేటా ధర మార్చకూడదని 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తేల్చింది. సూరత్‌లో అన్న చేసే వీడియో కాల్‌కు విడిగా ఛార్జీ పడకపోవడం ఆ పోరాటం ఫలితమే.

సిమ్ ఒక ఫోన్‌లో, వాట్సాప్ ఇంకో ఫోన్‌లో

ఇప్పుడు సిమ్ బైండింగ్ దగ్గరికి వద్దాం. ప్రభుత్వం చెబుతున్న కారణాన్ని కొట్టిపారేయలేం. ఇప్పటిదాకా ఓటీపీతో ఒకసారి రిజిస్టర్ చేస్తే చాలు, తర్వాత సిమ్ తీసేసినా యాప్ నడుస్తుంది. విదేశాల్లో కూర్చున్న మోసగాళ్లు భారతీయ నంబర్లతో వీడియో కాల్ చేసి ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరించడానికి ఈ సందునే వాడుకుంటున్నారని టెలికాం శాఖ వాదన. 2024లో సైబర్ మోసాల నష్టం రూ.22,800 కోట్లు దాటిందని చెప్పింది. ఇందులో పోయిన సొమ్ములో సామాన్యులు జీవితకాలం దాచుకున్న డబ్బూ ఉంది.

అయితే ఆ సందులోనే నిజాయితీపరుల సంసారాలూ నడుస్తున్నాయి. చాలా ఇళ్లలో సిమ్ ఉండేది కీప్యాడ్ ఫోన్‌లో. కొడుకు వాడి వదిలేసిన స్మార్ట్‌ఫోన్‌లో అదే నంబర్‌తో వాట్సాప్, దానికి పక్కింటి వైఫైనో మనవడి హాట్‌స్పాట్‌నో ఆధారం. గల్ఫ్ వెళ్లినవాళ్లలో కొందరు భారతీయ సిమ్‌ను ఇంట్లో వదిలి, ఆ నంబర్ వాట్సాప్‌నే అక్కడ వాడుతుంటారు. బ్యాంకు ఓటీపీలు భార్య ఫోన్‌కు రావాలి కదా. సిమ్ బైండింగ్ అక్షరాలా అమలైతే ఈ ఏర్పాట్లన్నీ ఆగిపోతాయి.

సిమ్ ఫోన్‌లోనే ఉండి రోమింగ్‌లో ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదని టెలికాం శాఖ వివరణ ఇచ్చింది. రెండు సిమ్‌ల ఫోన్ ఉన్న ఉద్యోగికి ఈ వివరణ చాలు. సిమ్‌ను ఇంట్లో పెట్టి వెళ్లిన కూలీకి చాలదు. కంప్యూటర్‌లో వాడే వెబ్ వెర్షన్ ఆరు గంటలకోసారి లాగౌట్ కావాలన్న షరతు కూడా ఉంది. షాపులో కంప్యూటర్, యజమాని జేబులో ఫోన్ పెట్టుకుని ఆర్డర్లు చూసే సూరత్ చీరల వ్యాపారికి ఇది రోజువారీ తలనొప్పి.

ఇక్కడే ఖర్చు లెక్క మారుతుంది. యాప్ ఉచితమే. కానీ అది నడవాలంటే సిమ్ బతికి ఉండాలి, సిమ్ బతకాలంటే రీఛార్జి చేస్తుండాలి. 2024 జులైలో కంపెనీలు ధరలు పెంచాక జియో కనీస నెలవారీ ప్లాన్ రూ.155 నుంచి రూ.189కి, ఎయిర్‌టెల్‌ది రూ.179 నుంచి రూ.199కి చేరాయి. డేటా అక్కర్లేనివాళ్లకు వాయిస్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ప్యాక్‌లు ఇవ్వాలని అదే ఏడాది డిసెంబర్‌లో ట్రాయ్ ఆదేశించింది. కొంత ఊరటే. అయినా ఒక్క కాల్ కోసం ఇద్దరు ముగ్గురి సిమ్‌లను ఏడాది పొడవునా బతికించుకోవడం చిన్న సంసారాలకు బరువే.

ఏం చేయొచ్చు?

ప్రభుత్వం వైపు నుంచి మూడు పనులు జరగాలి. నంబర్‌ను కేవలం బతికించుకోవడానికి అతి తక్కువ ధరకు దీర్ఘకాలిక ప్లాన్ ఉండాలి. వరుసగా 90 రోజులు వాడకపోయినా ఖాతాలో కనీసం రూ.20 ఉంటే ఆ మొత్తం కోసుకుని కనెక్షన్‌ను 30 రోజులు పొడిగించాలన్న ట్రాయ్ నిబంధన ఇప్పటికే ఉంది. అది ఎంతమందికి తెలుసన్నదే సందేహం. ఒకే సిమ్‌తో ఇంట్లో రెండో ఫోన్ వాడేవాళ్లకు ఆధార్ ధ్రువీకరణ లాంటి వేరే దారి చూపాలి. యాప్ ఆగిపోయే ముందు యూజర్‌కు తెలుగులో హెచ్చరిక రావాలి. ఆగాక తెలిస్తే ఉపయోగం లేదు.

కుటుంబాలు తమ వంతుగా చేసుకోగలిగినవీ ఉన్నాయి. ఇంట్లో ఏ వాట్సాప్ ఏ నంబర్ మీద ఉందో, ఆ సిమ్ ఏ ఫోన్‌లో ఉందో ఓసారి చూసుకోవాలి. వాడకుండా వదిలేస్తే రద్దయిన నంబర్‌ను, రద్దయిన 90 రోజుల తర్వాత కంపెనీ మరొకరికి ఇవ్వొచ్చు. కాబట్టి నంబర్ మారితే వాట్సాప్‌లోనూ మార్చుకోవాలి. రెండో దారిగా గూగుల్ మీట్ ఉంది. జీమెయిల్ ఖాతాతోనే నడుస్తుంది, నంబర్ అక్కర్లేదు, టెలికాం శాఖ జాబితాలోనూ దాని పేరు లేదు. అయితే గల్ఫ్ దేశాల్లో అక్కడి నిబంధనలే వర్తిస్తాయి. చవక ఫోన్లలో బ్యాటరీ సేవర్ యాప్‌ను నిద్రపుచ్చడం వల్ల చాలాసార్లు కాల్ మోగదు. కాలింగ్ యాప్‌కు ఆ సెట్టింగ్ నుంచి మినహాయింపు ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, ఈ యాప్‌ల నుంచి 112కు కాల్ చేయలేం. అత్యవసర వేళ మామూలు కాలే దిక్కు.

సిమ్ బైండింగ్ వల్ల మోసాలు ఎంత తగ్గుతాయన్నది అమలయ్యాకే తేలుతుంది. వేరొకరి పేరుతో తీసుకున్న సిమ్‌ను ఫోన్‌లో పెట్టుకుని మోసం చేసేవాడిని ఈ నిబంధన ఒక్కటే ఆపలేదు. సిమ్ కీప్యాడ్ ఫోన్‌లో ఉన్న సిరిసిల్ల తల్లికి మాత్రం దాని ప్రభావం మొదటి రోజే తెలుస్తుంది. షిఫ్టు దిగి కొడుకు చేసే వీడియో కాల్ ఆమె ఫోన్‌లో మోగదు. మోసగాడి కోసం వేసిన తాళానికి ఆమె దగ్గరా ఒక తాళంచెవి ఉండేలా చూడటం టెలికాం శాఖ బాధ్యత.