చిహ్న మెవ్వరి సొత్తు?

న్యూయార్కు ఐలాండర్సు అను మంచుహాకీ జట్టు 1972లో వెలసినది. లాంగు ఐలాండు పటమే దాని తొలి చిహ్నము. దానిని ఱొమ్మున ధరించియే ఆటగాండ్రు 1980 మొదలు 1983 వఱకు వరుసగా నాలుగుమార్లు స్టాన్లీ కప్పును గెలిచిరి. 1995లో, జట్టు క్షీణదశలో నున్న వేళ, యజమానులు ఆ పటమును తొలగించి, హాకీకఱ్ఱ చేబూనిన గడ్డపు జాలరిని నిలిపిరి. ఆటను చక్కదిద్దుట కష్టము, అంగీలు మార్చుట సులభము గదా!

ఆ జాలరి యొక చేపముక్కల వర్తకుని ముద్రలోని బొమ్మను పోలియుండెను. ప్రత్యర్థులైన రేంజర్సు జట్టు అభిమానులు “మాకు చేపముక్కలు కావలె” నని కేకలువేసి గేలిచేసిరి. స్వపక్షమువారికి తలయెత్తుకొన వీలు లేకపోయెను. ఆ యేటి 82 ఆటలలో గెలిచినవి 22 మాత్రమే.

ఈ యాగ్రహమును చాదస్తమని కొట్టివేయువారు కలరు. మే మట్లు తలంపము. లాంగు ఐలాండున చేపలవేట యనాదిగా నున్నదే. జాలరిని చిత్రించుట దోషము గాదు. దోష మెల్ల తొలగించిన దానియందున్నది. పటమునకు చట్టరీత్యా యజమానులు వేఱుండవచ్చును. ఏటేట టిక్కెట్టు కొని, బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చి, గెలుపోటములందు దానిని విడువక దానికి విలువ గూర్చినవారు అభిమానులు. ఆ నాలుగేండ్ల విజయస్మృతిని అంగీతోపాటు విప్పివేయుట యెవరి తరము?

1997 నాటికి జాలరి నిష్క్రమించెను, పటము మరల వచ్చెను. విచిత్ర మేమనగా, 2022లో కొన్ని యాటలకై ఆ జాలరియే తిరిగి అంగీల నెక్కగా అభిమానులు పలువురు ముచ్చటపడిరి. నాడు పడిన యవమానము గూడ వారికి సొంత జ్ఞాపకమైనది కాబోలు.