నిద్ర సుఖమెరుగదా?

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అని మన పెద్దలు ఒక సామెత చెబుతారు. హాస్టల్లో చేరిన మొదటి రోజు నుంచి ఈ మాట మనం వింటూనే ఉన్నాం. పప్పు నీళ్ళలా ఉందంటే సామెతలో మొదటి సగం చెబుతారు. నడుము పట్టేసిందంటే రెండో సగం చెబుతారు. మొదటి సగాన్ని ఒప్పుకోవడం మనం ఎప్పుడో మానేశాం. మెస్ ఛార్జీల కోసం మనకంటే ముందు చదివిన అన్నలు, అక్కలు ఎన్నోసార్లు రోడ్డెక్కారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం ఇంటర్ నుంచి పీజీ వరకు చదివే హాస్టల్ విద్యార్థుల డైట్ ఛార్జీని నెలకు 1500 రూపాయల నుంచి 2100 రూపాయలకు పెంచిందంటే, అది అడగకుండా వచ్చింది కాదు. కానీ రెండో సగాన్ని మాత్రం మనం ఇంకా నమ్ముతూనే ఉన్నాం. నిద్రకు సుఖంతో పనిలేదనే అనుకుంటున్నాం. ఆ నమ్మకం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు నేను చేసిన పొరపాటు చెబుతాను. రెండేళ్ళ క్రితం మా అమ్మకు పరుపు కొన్నాను. అమ్మ నాచారం పారిశ్రామికవాడలో ప్యాకింగ్ పని చేస్తుంది. పొద్దంతా నిలబడే పని. సాయంత్రానికి నడుము, కుడి భుజం రెండూ నొప్పులే. ఇంట్లో ఉన్న నులక మంచం ఎప్పుడో కుక్కి మంచం అయిపోయింది. అమ్మ కింద చాప వేసి, దాని మీద బొంత పరుచుకొని పడుకునేది. ట్యూషన్లు చెప్పి దాచిన డబ్బుతో అమ్మను తీసుకొని ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఒక పరుపుల షాపుకు వెళ్ళాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. అందుకని ఏది కొనాలన్నా నామీదే పెడతారు. "సదువుకున్నోనివి గదా బిడ్డా, నువ్వే జూడు" అన్నది అమ్మ.

నేను చూసిందేమీ లేదు. షాపాయన పరుపు మీద పిడికిలితో ఒక గుద్దు గుద్ది, "ఎంత గట్టిగున్నదో చూడు తమ్మీ, నడుం నొప్పికి ఇదే మంచిది" అన్నాడు. కవరు మీద ఆర్థోపెడిక్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నేనూ ఒక గుద్దు గుద్ది డబ్బు కట్టేశాను. అమ్మను ఒక్కసారి దానిమీద పడుకొని చూడమనాలన్న ఆలోచన నాకు రాలేదు.

వారం తిరక్కుండానే అమ్మ ఆ పరుపు మీద బొంత వేసింది. నెల తిరిగేసరికి పరుపును గోడకు ఆనించి మళ్ళీ చాప మీదికి దిగింది. "బండ మీద పండుకున్నట్టే ఉంది బిడ్డా, భుజం గుంజుతున్నది" అన్నది. అప్పుడు గమనించాను, అమ్మ ఎప్పుడూ కుడివైపుకు ఒత్తిగిలి పడుకుంటుంది. ఇన్నేళ్ళు ఒకే గదిలో పడుకున్నా నాకు తెలియని సంగతి అది. తప్పు షాపాయనది కంటే నాదే ఎక్కువ. ఎవరు పడుకుంటారో, ఎలా పడుకుంటారో చూడకుండా ఎంత గట్టిగా ఉందో మాత్రమే చూశాను.

ఆ తర్వాతే దీని గురించి చదివాను. మన వెన్నెముక కర్రలాగా నిటారుగా ఉండదు. మెడ దగ్గర, నడుము దగ్గర లోపలికి, వీపు దగ్గర బయటికి కొద్దిగా వంగి ఉంటుంది. పడుకున్నప్పుడు ఆ వంపు అలాగే నిలవాలి. పక్కకు తిరిగి పడుకునేవారికి భుజం, తుంటి బయటికి పొడుచుకొని ఉంటాయి, నడుము లోపలికి ఉంటుంది. పరుపు బండలాగా ఉంటే ఒంటి బరువంతా భుజం మీద, తుంటి మీద పడుతుంది. నడుము కింద ఆధారం ఉండదు. పరుపు మరీ మెత్తగా ఉంటే తుంటి కిందికి దిగబడి వెన్ను వంగిపోతుంది. కుక్కి మంచంలో జరిగేది అదే. ఈ సంగతి మన ఊళ్ళలో వాళ్ళకు ముందే తెలుసు. నులక వదులైతే కాళ్ళవైపు తాళ్ళు బిగించి గుంజుతారు. అంతేగాని నులక తీసేసి చెక్క కొట్టరు.

గట్టిదే మంచిదన్న మాట డాక్టర్ల నోట కూడా చాలాకాలం ఉంది. దాన్ని స్పెయిన్‌లో పరీక్షించి చూశారు. చాలాకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యస్థంగా గట్టిగా ఉన్న పరుపులు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్ళకు చెప్పలేదు. 90 రోజుల తర్వాత చూస్తే మధ్యస్థం పరుపుల మీద పడుకున్నవారికే ఎక్కువ ఉపశమనం కలిగింది. ఈ ఫలితాలు 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. నేను అమ్మకు పరుపు కొనడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఈ విషయం తేలిపోయింది. షాపులో పిడికిలి గుద్దు మాత్రం ఇంకా మారలేదు.

అయితే మధ్యస్థం అనేది కూడా అందరికీ ఒకటి కాదు. 45 కిలోల తమ్ముడికి గట్టిగా తగిలే పరుపే 85 కిలోల మనిషికి మెత్తగా ఉంటుంది. కాబట్టి సన్నగా ఉన్నవారు కాస్త మెత్తటిది, బరువున్నవారు కాస్త గట్టిది చూసుకోవాలి. ఒత్తిగిలి పడుకునేవారికి భుజం కొంచెం దిగేటంత మెత్తదనం కావాలి. వెల్లకిలా పడుకునేవారికి మధ్యస్థం సరిపోతుంది. బోర్లా పడుకునేవారికి మెత్తటి పరుపు పనికిరాదు, పొట్ట దిగబడి నడుము వెనక్కి వంగుతుంది. వారికి కాస్త గట్టి పరుపు, పలుచటి దిండు మేలు.

షాపులో ఇంకో మాట వినిపిస్తుంది, డెన్సిటీ. 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అంటారు. అది ఫోమ్ ఒక ఘనపు మీటరుకు ఎన్ని కిలోలు ఉందో చెప్పే లెక్క. పరుపు ఎన్నాళ్ళు మన్నుతుందో దాన్నిబట్టి కొంత అంచనా వేయవచ్చు గానీ, ఎంత గట్టిగా ఉంటుందో చెప్పలేం. ఒకే డెన్సిటీలో మెత్తటి ఫోమ్, గట్టి ఫోమ్ రెండూ చేయవచ్చు. ఫోమ్ ముక్కలను అతికించి చేసే రీబాండెడ్ పరుపు బాగా గట్టిగా ఉంటుంది. నేను కొన్నది అదే. కొబ్బరి పీచుకు రబ్బరు పాలు పట్టించి చేసే కాయిర్ పరుపు కూడా గట్టిదే గానీ గాలి ఆడుతుంది. మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడుతుంది, ఆ వేడిని పట్టి ఉంచుతుంది. మే నెలలో రేకుల ఇంట్లో దానిమీద పడుకోవడం ఎలా ఉంటుందో ఆలోచించుకోండి.

దూది పరుపును మనం చిన్నచూపు చూస్తున్నాం. ఒకప్పుడు దూదేకుల వాళ్ళు విల్లుతో దూదిని ఏకి, మనిషిని బట్టి, మంచాన్ని బట్టి పరుపు కుట్టి ఇచ్చేవారు. ఇప్పుడు ఆ పని మిషన్ మీద చేస్తున్నారు. ఉప్పల్, రామంతాపూర్ వైపు రోడ్డు పక్కన అలాంటి చిన్న దుకాణాలు నేను చూశాను. దూది కొన్నాళ్ళకు అణిగి గడ్డలు కడుతుంది, నిజమే. కానీ ఎండలో వేసి, మళ్ళీ ఏకించుకుంటే కొత్తదవుతుంది. మెత్తదనం ఎంత కావాలో మనమే చెప్పి చేయించుకోవచ్చు.

ఏ పరుపైనా గుద్ది చూడొద్దు. ఎవరి కోసం కొంటున్నామో వాళ్ళే, రోజూ పడుకునే తీరులో పది పదిహేను నిమిషాలు పడుకొని చూడాలి. వెల్లకిలా పడుకొని నడుము కింద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి అటూ ఇటూ సులువుగా ఆడితే అది మీకు గట్టిది. అసలు దూరకపోతే మెత్తది. కొంచెం ఆని, కొంచెం కష్టంగా దూరితే సరైనది. షాపులో సిగ్గుపడితే ఆ తర్వాత ఏళ్ళ తరబడి బాధపడాలి.

డబ్బు లేనివారి సంగతేమిటని మీరు అడగవచ్చు. మనలో చాలామందికి జంపఖానా, దుప్పటి తప్ప ఏమీ లేవు. రాత్రిదాకా ట్రంకు పెట్టె ముందు వంగి చదివి, అదే నేల మీద నడుము వాలుస్తాం. ఇల్లు వెళ్ళినప్పుడు అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి తెచ్చుకోండి. పక్కకు పడుకునేవారు దాన్ని మడిచి భుజం, తుంటి వచ్చేచోట మందంగా వేసుకోండి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోండి. వెల్లకిలా పడుకునేవారు మోకాళ్ళ కింద పెట్టుకోండి. నొప్పి కాలిలోకి దిగుతున్నా, తిమ్మిరెక్కుతున్నా మాత్రం బొంతలతో సరిపెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇవన్నీ మనం చేసుకోగల సర్దుబాట్లు. కానీ సర్దుబాటుతోనే ఆగిపోవాలా? మనకు దగ్గర్లోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు వచ్చింది. మనిషికి రోజుకు పప్పు ఎన్ని గ్రాములు కావాలో లెక్క చెబుతుంది. ఆ లెక్క ఉంది కాబట్టే మెస్‌లో తక్కువ పెడితే ప్రశ్నించగలుగుతున్నాం. నిద్రకూ లెక్క ఉంది. 18 నుంచి 25 ఏళ్ళ వయసువారికి ఏడు నుంచి తొమ్మిది గంటలు కావాలని అమెరికా నేషనల్ స్లీప్ ఫౌండేషన్ 2015లో చెప్పింది. రాత్రి నాలుగుసార్లు నొప్పితో లేచి పక్క మార్చుకుంటే ఆ గంటలు ఎక్కడ నిండుతాయి? పొద్దున క్లాసులో కునుకు పడితే "హాస్టల్ పిల్లలకు శ్రద్ధ లేదు" అంటారు.

చదువుకోవాలంటే కష్టపడాలి, మెత్తటి పరుపు అలవాటైతే బద్ధకం వస్తుంది అనే పెద్దలున్నారు. వారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మన అమ్మానాన్నలు పడిన కష్టంలో నేల మీద పడుకోవడం వల్ల వచ్చిన చదువు ఎంత? కష్టం పుస్తకం దగ్గర పడదాం. నడుముతో ఎందుకు పడాలి? గట్టిదనాన్ని ఓర్పు అనుకోమని మనకు నేర్పారు. పేదవాడి ఒళ్ళు దేనికైనా అలవాటు పడుతుందని అనుకోవడం ఎదుటివాడి నొప్పిని లెక్కచేయకపోవడమే.

అందుకే ఈ వార్షికోత్సవం సందర్భంగా నాది ఒక విన్నపం. మన హాస్టల్‌కు మంచాలు, పరుపులు కొనే రోజు వస్తే ధర, మందం మాత్రమే చూసి అందరికీ ఒకే రకం తేవొద్దు. మధ్యస్థం రకం ఎక్కువ, కాస్త మెత్తటివి, కాస్త గట్టివి కొన్ని తేవాలి. కొనేముందు నలుగురు విద్యార్థులను వాటి మీద పడుకోబెట్టి చూడాలి. మనం కూడా మెస్ కమిటీలో పప్పు గురించి మాట్లాడినంత ధైర్యంగా పడక గురించి మాట్లాడాలి.

మా అమ్మ సంగతి చెప్పడం మరిచాను. రోడ్డు పక్కన దూది దుకాణంలో రెండంగుళాల పలుచటి పరుపు కుట్టించి ఆ బండ పరుపు మీద వేశాం. ఈసారి అమ్మే చేత్తో నొక్కి చూసి, "ఇంకొంచెం దూది పెట్టు తమ్మీ" అని అడిగి చేయించుకుంది. ఇప్పుడు ఆ పరుపు మీదే, కుడివైపుకు ఒత్తిగిలి, తెల్లారేదాకా పడుకుంటున్నది.