ఊడ్చి తగలబెట్టే ఆకు, ట్యాంకరుతో తడిపే గడ్డి

ఈ వారం వీడియో పొలంలో తీసింది కాదు, బస్సు కిటికీలోంచి తీసింది. ఫోను ఊగుతూ ఉంటుంది, హారన్ల గోల కూడా ఉంటుంది, కాస్త ఓర్చుకోండి.

వారానికి రెండుసార్లు కంకిపాడు నుంచి విజయవాడకి ఆకుకూరలు, కూరగాయలు వేసుకుని బస్సులో వెళ్తాను. ఐదేళ్లుగా అదే బందరు రోడ్డు. సిటీలోకి వచ్చాక డివైడర్ల మీద ఈ ఐదేళ్లలో ఎన్ని పంటలు మారాయో చెప్తే నవ్వుతారు. మొదట గడ్డి తివాచీ పరిచారు, ఎండింది. తర్వాత ఎర్రాకుల మొక్కలు. అవీ పోయాక రంగు రంగుల కుండీలు. ఇప్పుడు మళ్లీ గడ్డి! మనలో ఎవరైనా ఒకే చెక్కలో ఇన్నిసార్లు విత్తనం పోగొట్టుకుంటే ఊళ్లో వాళ్లు కూర్చోబెట్టి బుద్ధి చెప్పరూ?

ఒకసారి ట్రాఫిక్ ఆగినప్పుడు తవ్విన చోట చూశాను. పైన జానెడు ఎర్రమట్టి, కింద అంతా కంకర, సిమెంటు పెళ్లలు. రెండు వైపులా తారు సెగ. ఆచ్ఛాదన అనే మాటే లేదు. ఇక వానపాము ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక ఫ్లైఓవర్ స్తంభానికి నిలువు తోట కట్టారు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ కుండీలు, పిడికెడు కొబ్బరి పొట్టు, సన్నటి డ్రిప్పు పైపు. మన మే నెల ఎండకి ఒక్కరోజు మోటారు ఆగితే ఆ పిడికెడు పొట్టులో తడి ఎంతసేపు ఉంటుంది చెప్పండి. ఇప్పుడు కుండీలే మిగిలాయి. ఒకదాంట్లో పావురం గూడు పెట్టింది. ఆ తోటలో వచ్చిన దిగుబడి అదొక్కటే.

కోనోకార్పస్ సంగతి మీకు తెలిసిందే. అమెరికా తీరాల్లో మడచెట్ల పక్కన పెరిగే జాతిని పచ్చగా, త్వరగా ఎదుగుతుందని రోడ్ల పొడవునా నాటారు. తీరా వేళ్లు పైపుల్లోకి వెళ్తున్నాయని, పుప్పొడితో ఇబ్బందని గొడవ మొదలయ్యాక గుజరాత్ 2023లో నాటడం నిషేధించింది. తెలంగాణలోనూ వద్దన్నారు. మా ఆవు ముందు ఒక కొమ్మ వేసి చూశాను. వాసన చూసి తల తిప్పేసుకుంది.

నాకు కడుపు మండేది వేరే ఉంది. పొద్దున్నే కానుగ, వేప ఆకులు గుట్టలుగా ఊడ్చి అక్కడే నిప్పు పెడతారు. పది అడుగుల అవతల అదే టైములో ట్యాంకరు గడ్డికి నీళ్లు కొడుతూ ఉంటుంది. ఆ ఆకు ఈ మట్టి మీద పరిస్తే ట్యాంకరు ఇన్ని ట్రిప్పులు తిరగాల్సిన పని ఉండదు. ఊడ్చే అమ్మని అడిగితే "తీసుకుపో బాబూ, నాకు మోత తగ్గుద్ది" అంది. రెండు గోతాలు నింపుకుని బస్సెక్కా. చెత్తకి లగేజీ టికెట్టు కొట్టించుకున్న రైతుని నేనొక్కడినే అయ్యుంటా. ఇప్పుడా ఆకు మా వంగ సాళ్ల మధ్య ఉంది, వీడియో చివర్లో చూపించాను.

అందం వద్దనను. కానీ నేను దిగే స్టాపు దగ్గర మధ్యాహ్నం జనం ఒక కరెంటు స్తంభం నీడలో వరసగా నిలబడతారు. నీడ జరిగితే వరసా జరుగుతుంది. ఎదురుగా సిమెంటు కొంగలు రెండు, వాటి చుట్టూ ఇనుప కంచె. పూలమ్మే ఆమె అక్కడే కూర్చుంటుంది. "చెట్టున్నప్పుడు మధ్యాహ్నం దాకా నిలిచేయి నాయనా, ఇప్పుడు పదింటికే వాడిపోతున్నాయి" అంటుంది. వాడిన మూర సగం ధరకి కూడా ఎవరూ కొనరు. నా గోంగూర, తోటకూర కట్టల గతీ అంతే కాబట్టి ఆ బాధ నాకు తెలుసు.

నా అనుమానం ఏంటంటే, డబ్బు నాటిన మొక్కకి ఇస్తున్నారు, బతికిన మొక్కకి కాదు. మూడు ఎండాకాలాలు దాటిన చెట్టుకే బిల్లు ఇస్తామనండి, కంట్రాక్టరే వచ్చి మన దగ్గర వేప, నేరేడు మొక్కలు అడుగుతాడు.

మొన్న ఆ పూలామె పక్కన మోకాలెత్తు కానుగ మొక్క ఒకటి నాటాను. మొదట్లో ఎండాకు కప్పి, సీసాలో తీసుకెళ్లిన జీవామృతం పదింతలు నీళ్లలో కలిపి పోశాను. రోజూ చెంబుడు నీళ్లు పోస్తానంది. సుందరీకరణ వాళ్లు పీకెయ్యకపోతే వచ్చే నెల వీడియోలో చూపిస్తా.